మా అమ్మ నడిపిన బుడ్డింజను

నంద్యాల నుంచి ఫోను వచ్చేటప్పటికి నేను ఆళ్లగడ్డలో మా ఇంటి వసారాలో కూర్చుని గోగాకు తుంచుతూ ఉన్నాను. చేసినవాడు కిరణ్ అనే కుర్రవాడు. మేము పుట్టి పెరిగిన నూనె మిల్లు ఎప్పుడో మూతబడింది. ఆ స్థలాన్ని ఇప్పుడు చదును చేసి, రంగురాళ్లు పాతి, ఇళ్ల స్థలాలుగా అమ్ముతున్నారు. దాన్ని వెంచరు అంటారట. ఆ వెంచరు వ్యవహారాలన్నీ ఈ కుర్రవాడే చూస్తాడు. మిల్లు గోడలు కూల్చారు, రేకులు అమ్మేశారు, పట్టాలు కోసి పట్టుకుపోయారు గానీ మూల తుమ్మచెట్ల మధ్య తుప్పు పట్టి నిలబడిన చిన్న డీజిలు ఇంజనును మాత్రం ఏం చేయాలో వాళ్లకు తోచలేదు. చివరకు ఎవరికో మంచి బుద్ధి పుట్టి, దానికి ఎర్ర రంగు పూయించి, వెంచరు ముఖద్వారం దగ్గర దిమ్మె కట్టి నిలబెట్టారు. దాని ముందు ఒక శిలాఫలకం ఉంటే బాగుంటుందనీ, మీ నాయనగారే దాన్ని నడిపినాయన కాబట్టి, మీరు కథలు రాసే టీచరమ్మ కాబట్టి, నాలుగు వాక్యాలు రాసి పంపమనీ అడిగాడు. నా సంతోషం ఏమని చెప్పను! గోగాకు అట్లాగే వదిలేసి లేచి, ఆ పూటే రాసి పంపించాను.

మూడోనాడు మళ్లీ ఫోను. "మేడం, అంతా బాగుండాది. ఒక్క మాట తీసేస్తాం. మీ అమ్మగారు ఇంజను నడిపిందని రాసినారు గదా, అది ఎవరూ నమ్మరు మేడం. పాత మిల్లోళ్లను అడిగినాం. ఆయమ్మ దినామూ అన్నం తెచ్చేదంట గదా? అదే రాద్దాం. ఎమోషనల్‌గా ఉంటాది" అన్నాడు. వాడు ఇంకా ఏదో చెబుతుండగానే ఫోను పెట్టేశాను. ముప్పై ఏళ్ల పైచిలుకు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, ఎదుటివాడి మాట మధ్యలో తుంచే అలవాటు నాకు లేదు. ఆ రోజు తుంచాను. అన్నం తెచ్చేదంట! ఆ ఒక్క ముక్క మా ఇంటికి ఎంత ఖరీదు పడిందో ఆ పిల్లవాడికి తెలియదు. తెలియనివాళ్లకు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

మేము దూదేకులవాళ్లం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. నాయన పేరు దస్తగిరి, అమ్మ పేరు హుసేనమ్మ. మిల్లు వెనక ఉన్న రేకుల క్వార్టర్లలో మొదటి ఇల్లు మాది. మిల్లు నుంచి నంద్యాల స్టేషను దాకా సొంత పట్టాలు ఉండేవి. నూనె పిండగా మిగిలిన చెనిక్కాయ చెక్క నింపిన రైలు పెట్టెలనూ, నూనె ట్యాంకులనూ ఒక లైను నుంచి ఇంకో లైనుకు తోసి, వరసగా తగిలించి, పెద్ద రైలు వచ్చే వేళకు సిద్ధంగా పెట్టాలి. దాన్ని షంటింగు అంటారు. ఆ పని కోసమే ఆ చిన్న ఇంజనును యూరపు నుంచి ఓడలో మద్రాసుకు తెప్పించారట. దాని పొట్ట మీద ఎవరికీ చదవను రాని అక్షరాలతో ఇత్తడి పలక ఒకటి ఉండేది. ముందు భాగంలో యంత్రాన్ని కప్పిన ఒక పొడుగాటి రేకుల పెట్టె, వెనక ఇద్దరు ముగ్గురు నిలబడే గూడు, అంతే ఇంజను. స్టేషనులో పెద్ద ఇంజను పక్కన నిలబడితే చూసినవాళ్లకు నవ్వొచ్చేది. పెద్ద బండ్ల డ్రైవర్లు కిటికీలోంచి తల బయటపెట్టి "దస్తగిరీ, నీ బుడ్డింజనుకు పాలు పట్టినావా?" అని ఎగతాళి చేసేవాళ్లు. నాయన ముఖం ముడుచుకునేవాడు కాదు. "పట్టినా లేప్పా. అది తోసి పెట్టకుంటే నీ పెద్దింజను ఏం గుంజుకపోతాదో చెప్పు" అనేవాడు.

మా ఇంటి గడియారం ఆ ఇంజనే. తెల్లవారి అది ఒకటికి రెండుసార్లు దగ్గి, పొగ వదిలి, గుడగుడమని అందుకునేసరికి క్వార్టర్ల ఆడవాళ్లు పొయ్యి అంటించేవాళ్లు. అది వేడెక్కి, బ్రేకులకు గాలి పట్టేదాకా నాయన చాయ ముట్టేవాడు కాదు. ఇంజను కడుపులో ఏమీ పడకముందు తన కడుపులో పోసుకోవడం ఆయనకు నచ్చదు. పెట్టె మీద అరచెయ్యి ఆనించి, పసిపిల్లకు జ్వరం చూసినట్టు చూసి, అప్పుడు గూట్లోంచి చెయ్యి ఊపితే అమ్మ నాచేత చాయ పంపేది. మా జేజి, అంటే నాయనమ్మ, ఆకూవక్కా నములుతూ గడపలో కూర్చుని ఆ చప్పుడులో ఏదైనా తేడా ఉంటే మా అందరికంటే ముందు కనిపెట్టేది. "వానికి ఈ పొద్దు గొంతు బాగలేదే" అనేది. వాడంటే నాయన కాదు, ఇంజను.

వాసన సంగతి చెప్పాలంటే ఒక పుస్తకం పడుతుంది. నాయన ఖాకీ బట్టల్లో డీజిలు, మిల్లు నుంచి పచ్చి చెనిక్కాయ నూనె, పెద్ద గుట్టలుగా పోసిన చెక్క ఎండకు కాగిన కమ్మటి వాసన, వీటన్నిటి మీద మా పొయ్యి మీద కాలే జొన్నరొట్టె. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకునేది. నాకు మాత్రం ఇప్పటికీ పెట్రోలు బంకు దగ్గర ఆటో ఆగితే ఆకలేస్తుంది. అమ్మ ఆదివారం నాడు ఆ ఖాకీ బట్టల్ని డబ్బాలో సోడా వేసి ఉడకబెట్టి, బండ మీద వేసి బాదేది. ఎంత బాదినా డీజిలు వాసన పోయేది కాదు. అది పోతే ఈయన మన ఇంటి మనిషేనా అని అనుమానం వస్తుందని జేజి నవ్వేది.

ఇంకొక అలవాటు క్వార్టర్లలోనే ఉండేది, ఇంకెక్కడా విన్నది లేదు. నాయన పొద్దున్నే ఇంజనును వేడెక్కించి, మొదటి పెట్టెలు నింపేదాకా మా ఇళ్ల ముందరే నిలిపేవాడు. ఆ పొడుగాటి రేకుల పెట్టె పైభాగం చెయ్యి కాలేంత కాగకుండా, చల్లబడకుండా హాయిగా వెచ్చగా ఉండేది. మబ్బు పట్టిన రోజుల్లో క్వార్టర్ల ఆడవాళ్లందరూ దాని మీద తడిగుడ్డ పరిచి వడియాలు పెట్టేవాళ్లు. ఒకామె నానిన మిరపకాయలు తెచ్చి పోసేది. పండక్కి ముందు పసిబిడ్డల బట్టలు కూడా ఆరేవి. బయలుదేరే ముందు నాయన ఒక కూత వేసేవాడు, ఎవరివి వాళ్లు పరుగున వచ్చి ఎత్తుకుపోయేవాళ్లు. ఆ కూత వేయకుండా ఆయన ఏనాడూ కదిలింది లేదు.

అమ్మది ఆళ్లగడ్డ. ఆ ఊరికి రైలు లేదు. పెళ్లయి నంద్యాలకు వచ్చేదాకా ఆమె రైలు చూసిందే లేదు. క్వార్టర్లలో కొందరు దాన్ని కూడా ఎత్తిపొడిచేవాళ్లు. కానీ అమ్మ వాళ్ల నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆ పరుపుల్ని బండికెత్తి ఊరూరా తిప్పేటప్పుడు ఎద్దుల్ని తోలింది అమ్మే. ఏకుడు విల్లు లాగి లాగి ఆమె చేతులు గట్టిగా ఉండేవి. గాజులు బిగుసుకుపోయి, మార్చాలంటే పగలగొట్టాల్సి వచ్చేది.

నేను అయిదో తరగతిలో ఉండగా, మిల్లులో పని మంచి ఊపు మీద ఉన్న రోజుల్లో, నాయన కుడిచెయ్యి రెండు పెట్టెల కొక్కెం మధ్య నలిగింది. ఎముకలు అతుక్కుంటాయి, నెలలు పడుతుంది అన్నారు. మేనేజరు ఇంటికి వచ్చి మర్యాదగానే మాట్లాడాడు గానీ, సారాంశం ఏమిటంటే గుంతకల్లు నుంచి ఇంకో డ్రైవరును తెప్పిస్తే ఈ ఇల్లు అతనికి ఇవ్వాల్సి వస్తుందని. ఆయన వెళ్లిపోయాడు. అమ్మ రొట్టె తట్టడం ఆపి, చేతులు దులుపుకుని అంది.

"నీ నోరు బాగానే ఉండాది గదా. నువ్వు చెప్పు, నేను తిప్పుతా."

"ఏంది తిప్పేది?"

"ఇంజను."

నాయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. "ఎద్దులబండి గాదే అది" అన్నాడు. "ఎద్దులకు బెదురుండాది. దీనికి అది గూడా లేదు. ఇన్నేండ్ల నుంచి చూస్తాండా, నువ్వు ఏ కడ్డీ ముందర పట్టుకుంటావో, ఏది ఎనక పట్టుకుంటావో నాకు దెలీదా?" అంది. జేజి మాత్రం గడపలోంచి "కానీలే, వాళ్ల నాయిన బండి తోలిందిదే గదా" అని తేల్చేసింది. మేనేజరుకు కావలసింది పెద్ద రైలు వచ్చే వేళకు పెట్టెలు సిద్ధంగా ఉండడం. ఎవరి చేత్తో అన్నది చూడనట్టు ఉండిపోయాడు.

అసలు భయం మద్దిలేటిది. పెట్టెల మధ్యకు దిగి కొక్కేలు తగిలించి, బయటికి వచ్చి పచ్చజెండా ఊపేది ఆయన. ఇంజను జానెడు ముందుకు జరిగినా పోయేది ఆయన ప్రాణం. మొదటి రోజే వచ్చి అమ్మ ముందు నిలబడ్డాడు. "వదినా, నేను రెండు పెట్టెల నడుమ ఉంటా. నాకు పిల్లోళ్లుండారు" అన్నాడు. "నాకూ ఉండారు మద్దిలేటీ. నువ్వు బయటికొచ్చి జెండా చూపేదాకా నా చెయ్యి బ్రేకు మీంచి లేస్తే నన్నడుగు" అంది అమ్మ. ఆయన జెండాలు చంకలో పెట్టుకుని వెళ్లాడు. అమ్మ కొంగు నడుముకు దోపి గూట్లోకి ఎక్కింది. నాయన కట్టు కట్టిన చేతిని మెడకు వేలాడేసుకుని పక్కన నిలబడ్డాడు. ఆయన చెప్పాడు, ఆమె లాగింది, ఇంజను కదిలింది. కదిలాక తెలిసింది, కూత వేయడం ఇద్దరూ మరిచిపోయారని.

ఆ పూట క్వార్టర్ల సగం వడియాలు దాని మీదే ఉన్నాయి. ఆడవాళ్లు కేకలు పెట్టుకుంటూ ఇంజను వెంట పడ్డారు. ఒకామె గుడ్డ అంచు దొరకబుచ్చుకుంది గానీ వడియాలు పట్టాల పొడుగునా రాలిపోయాయి. కాకులన్నీ అక్కడే. అమ్మ మాత్రం తల తిప్పలేదు. నాయన ఆపమంటుంటే "మద్దిలేటి జెండా పచ్చగుండాది. ఎర్రది చూపితే ఆపుతా" అందట. సాయంత్రం దిగి, ఇంటింటికీ వెళ్లి, "మీ వడియాలు నేను తింటి, నా వడియాలు మీరు తినండి" అని మా డబ్బాలో ఉన్నవన్నీ పంచింది. తర్వాత ఒక్క రోజు కూడా కూత మరిచిపోలేదు. నాయనది ఒక్క కూతే, అమ్మ రెండు వేసేది. ఆడవాళ్లకు చేతులు కడుక్కునే టైము ఇయ్యద్దా అనేది.

కొన్నాళ్లకు నాయన పక్కన నిలబడడం మానేసి గూటి మెట్టు మీద కూర్చునేవాడు. ఇంకొన్నాళ్లకు ఇంట్లోనే ఉండి ఎడమచేత్తో పిల్లలకు జడలు వేసేవాడు. ఆ జడలతో నేను బడికెళ్తే అందరూ నవ్వేవాళ్లు. నాకు లెక్కలేదు. మా అమ్మ ఇంజను నడుపుతుందని చెబితే నమ్మని పిల్లల్ని బడి వదిలాక పట్టాల పక్కకు తీసుకుపోయి నిలబెట్టేదాన్ని. అమ్మ మమ్మల్ని చూసి నవ్వేది కాదు, చెయ్యి ఊపేది కాదు. ఆమె చూపంతా మద్దిలేటి జెండా మీదే. నాకు గర్వంతో ఒళ్లు పొంగేది. ఇంత వయసు వచ్చి, నాలుగు సభల్లో శాలువాలు కప్పించుకున్నాను గానీ ఆ పొంగు మళ్లీ రాలేదు.

అట్లా మూడు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం రైల్వే తరఫున ఎవరో పెద్దమనిషి సైడింగు, అంటే మా మిల్లు పట్టాల లైను, చూడడానికి వచ్చాడు. ముందుగా కబురు లేదు. గూట్లో అమ్మ ఉంది. ఆ పూట నాయన ఇద్దరికీ సంగటి తీసుకుని అప్పుడే మెట్టెక్కాడు. మేనేజరు ఉరుకులు పరుగుల మీద వచ్చి, పెద్దమనిషి నోరు తెరవకముందే "డ్రైవరు భార్య సార్, అన్నం తెచ్చింది" అన్నాడు. ఆ వచ్చినాయన కూడా చెడ్డవాడు కాదు. దాటుకుపోవడానికి ఒక దారి ఇస్తున్నట్టు అమ్మనే అడిగాడు. "అన్నం తెచ్చినావామ్మా?"

ఔనంటే అయిపోయేది. నేను పట్టాల పక్కనే ఉన్నాను. నాయన ఆమె వంక చూశాడు.

"ఈ పొద్దు అన్నం తెచ్చినేది ఆయప్ప సార్. బండి నడిపినేది నేను. మూడు నెలల నుంచి నేనే నడుపుతాండా" అంది అమ్మ.

"నిజమే సార్" అన్నాడు నాయన.

ఆ పెద్దమనిషి ఇకమీదట ఇట్లా జరగకూడదని మేనేజరుకు చెప్పి వెళ్లిపోయాడు. నాయన పని పోలేదు, చెయ్యి కూడా చాలావరకు కుదిరింది కాబట్టి మళ్లీ ఎక్కాడు. ఇల్లు మాత్రం పోయింది. అందరి ముందూ తనను అబద్ధాలకోరును చేసిన మనిషిని మేనేజరు క్వార్టర్లలో ఉండనివ్వలేదు. ఊళ్లో ఒక ఇరుకు గదికి సామాను మోసుకుంటూ జేజి దారి పొడుగునా తిట్టింది. "ఒక్క అబద్ధం చెప్పింటే నీ నోరు పడిపోయేదా? ఊరికే ఊ అనుంటే సరిపోయేది గదా!"

అమ్మ నెత్తిన బిందెల మూట. ఆగి, వెనక్కి తిరిగి చెప్పింది. "ఊ అనుంటే ఆ మూడు నెలలు నేను యాడికి పోయినట్టు అత్తా?"

జేజి తిట్టడం ఆపి ముందుకు నడిచింది.

ఈ మధ్య మా తమ్ముడి కూతురు ఫోనులో ఒక వీడియో చూపించింది. యూరపులో ఏదో పల్లెటూరి స్టేషను. అచ్చం మా బుడ్డింజను లాంటిదే. తెల్లగడ్డాల ముసలివాళ్లు దాన్ని తుడిచి, నూనె పూసి, ఆదివారాలు పిల్లల్ని ఎక్కించి తిప్పుతున్నారు. పిల్ల ఇంకా వెతికి చదివి చెప్పింది. ఆ దేశాల్లో ఇలాంటి చిన్న ఇంజన్లను చిన్న చిన్న స్టేషన్లలో ఉంచేవాళ్లట. నాలుగు పెట్టెలు జరపడానికి ప్రత్యేకంగా డ్రైవరు ఎందుకని, స్టేషనులో పనిచేసేవాళ్లకే కొద్దిరోజులు నేర్పి వాళ్లచేతే నడిపించేవాళ్లట. వింటుంటే నాకు కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఇంజను తయారుచేసినవాళ్లు పక్కన పనిచేసే మామూలు మనుషుల కోసమే దాన్ని చేశారు. మా అమ్మ ఎక్కితే ఆ ఇంజనుకు వింత లేదు. వింతంతా మన వాళ్లకే.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటని ఈ నెలంతా ఆలోచిస్తున్నాను. అప్పటి మేనేజరు ఉద్యోగానికి భయపడి అబద్ధమాడాడు. పిల్లలుగలవాడు, ఆయన భయం నాకు అర్థమవుతుంది. ఈ కిరణ్‌కు ఏ భయమూ లేదు. బాగుంటుందని అంటున్నాడు, అంతే. ఇంజను గూట్లో ఆడమనిషి కంటే అన్నం గిన్నెతో ఆడమనిషి అందంగా ఉంటుంది వీళ్లకు. నేను దీన్ని ఒప్పుకోను. అప్పుడు ఇల్లు పోగొట్టుకున్నవాళ్లం, ఇప్పుడు ఒక రాయికి ఒప్పుకుంటామా?

శిలాఫలకం చెక్కేది మా ఆళ్లగడ్డలోనే అని తెలిసింది. ఈ ఊరి శిల్పులకు దేశమంతా పని ఉంటుంది, సుబ్బాచారి కొట్టం మాకు రెండు వీధుల అవతలే. సంగతి అమ్మకు చెప్పాను. నాయన పోయినప్పటి నుంచి నా దగ్గరే ఉంటుంది. ఎనభై దాటిన మనిషి, మోకాళ్లు పట్టేశాయి. ఈ వయసులో ఎందుకులే అంటుందేమో అనుకున్నాను. చేతికర్ర తీసుకుని "పా" అంది.

కొట్టంలో నల్లరాయి పలక పడుకోబెట్టి ఉంది. ఉలి ఇంకా పెట్టలేదు, అక్షరాలు సుద్దతో రాసి ఉన్నాయి. అమ్మకు చదువు రాదు. "ఏముందో చదువు" అంది. ఒక్కో వరస వేలితో చూపిస్తూ చదివాను. "ఈ ఇంజనును నడిపిన కీర్తిశేషులు దస్తగిరి గారికి, దినమూ అన్నం తెచ్చి ఆదుకున్న ఆయన సతీమణికి నివాళి."

"నివాళంటే చచ్చినోళ్లకు గదా?" అంది.

"ఔనమ్మా."

"వాళ్లు నన్ను అడిగిందెప్పుడు?"

సుబ్బాచారి తల గోక్కున్నాడు. "నాకేం తెల్దవ్వా, నంద్యాల నుంచి ఫోన్‌లో పంపినారు, నేను దించినా" అన్నాడు. అమ్మ కర్రను నాకిచ్చి, పలక అంచు పట్టుకుని మెల్లగా కూర్చుంది. పక్కనున్న చెంబులో కొంగు ముంచి, ముందు తన మాట ఉన్న వరస తుడిచింది. తర్వాత నాయన పేరు మీదికి వచ్చింది చెయ్యి. "అమ్మా, నాయన పేరు ఉండనీ" అన్నాను. ఆయన పేరు రాయి మీద చూసుకోవాలని నాకెంత ఆశో ఆమెకు తెలుసు.

"ఆ పొద్దు నాతోపాటు నిజం చెప్పినోడు. ఈ పొద్దు అబద్ధం పక్కన ఒక్కడే యాడ నిలబడతాడు?" అంది. తుడిచేసింది.

రాయి నల్లగా, తడిగా మిగిలింది. సుబ్బాచారి సుద్దముక్క చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "మల్ల ఏం రాయమంటావవ్వా?"

"ఏం రాయద్దు. ఆ ఇంజను ఎవరు నడిపినారని అడిగినోణ్ని నా దగ్గరికి పంపు. నేనింకా బతికే ఉండా గదా."